అందరి ఊపిరీ ఇరవయ్యేనా?

పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నది ఒక విశ్రాంత నర్సింగ్ ప్రొఫెసర్. 9 ఏళ్లు వార్డులో, ఆ తర్వాత 27 ఏళ్లు బోధనలో గడిపారు. వచ్చిన ఉత్తరాల్లో ఆరింటిని ఆవిడే ఏరుకున్నారు.

ప్రశ్న: మేడమ్, ఐసీయూలో 11 ఏళ్లు చేసి ఈ మధ్యే నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా చేరాను. ఐవీ (సెలైన్ ఎక్కించడానికి రక్తనాళంలో గొట్టం) పెట్టడంలో నాకు తిరుగులేదని డ్యూటీ డాక్టర్లే అనేవారు. క్లాసులో మాత్రం నోరు పెగలడం లేదు. చేసి చూపిస్తే పిల్లలు తెల్లమొహం వేస్తున్నారు. నాకు టీచింగ్ అచ్చిరాదేమో, మళ్లీ వార్డుకే వెళ్లిపోనా?
– ఒక కొత్త ట్యూటర్

జవాబు: వెళ్లకండమ్మా. కనీసం ఈ విద్యా సంవత్సరమైనా ఆగండి. మీ ఉత్తరం చదివితే నా మొదటి డెమాన్‌స్ట్రేషన్ గుర్తొచ్చి ఇన్నేళ్ల తర్వాత కూడా చెవులు వేడెక్కాయి.

ల్యాబ్‌లో రబ్బరు చెయ్యి, చుట్టూ 30 మంది పిల్లలు. క్యాన్యులా (లోపల సూదితో ఉండే సన్నని గొట్టం) తీశాను, గుచ్చాను, ప్లాస్టర్ అతికించాను. నిమిషం కూడా పట్టలేదు. "అర్థమైందా?" అంటే "అయింది మేడమ్" అని కోరస్. ముందున్న అమ్మాయిని పిలిచాను. టోర్నికెట్ (చేతికి బిగించే పట్టీ) కట్టింది, సూది పట్టుకుంది, ఆగి అడిగింది: "మేడమ్, రక్తం కనబడ్డాక ఇంకా ఎంత లోపలికి పోనివ్వాలి?" చెప్పబోయాను. మాట రాలేదు. "కొంచెం... నీకే తెలుస్తుందిలే" అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ సాయంత్రం ల్యాబ్ తాళం అడిగి తీసుకున్నాను. తలుపు వేసుకుని, ఆ రబ్బరు చేతికి మళ్లీ మళ్లీ క్యాన్యులా పెట్టాను, నా చేతులు ఏం చేస్తున్నాయో పైకి చెప్పుకుంటూ. మొదటిసారి 9 పనులు లెక్కకొచ్చాయి. మూడోసారికి 23 అయ్యాయి. రక్తం వెనక గొట్టంలోకి రాగానే నా చెయ్యి కోణం తగ్గిస్తోంది. సూది కొన క్యాన్యులా కొనకంటే కాస్త ముందుంటుంది కదా, సూది వెయిన్‌లోకి (రక్తనాళంలోకి) దిగినా క్యాన్యులా ఇంకా బయటే ఉండొచ్చు. అందుకని రెండింటినీ కలిపి మరో రెండు మూడు మిల్లీమీటర్లు పోనిచ్చి, అప్పుడు సూదిని కదలనివ్వకుండా క్యాన్యులాను మాత్రం జారుస్తోంది. ఇక ఎడమచేతి బొటనవేలు, గుచ్చే చోటికి కిందుగా చర్మాన్ని లాగిపట్టి, వెయిన్ పక్కకు జరక్కుండా చూస్తోంది. 9 ఏళ్లుగా ఆ వేలు ఆ పని చేస్తోందని ఆ రాత్రి దాకా నాకే తెలియదు!

మీకున్నదీ ఇదే జబ్బు. ప్యాట్రీషియా బెన్నర్ అనే నర్సింగ్ ఆచార్యురాలు 1984లో తెచ్చిన పుస్తకంలో, నర్సు కొత్తరికం నుంచి ఆరితేరేదాకా 5 మెట్లు ఎక్కుతుందని చెప్పింది. డ్రెయ్‌ఫస్ సోదరులు పైలట్లనీ చదరంగం ఆటగాళ్లనీ చూసి వేసిన మెట్లవి. కింది మెట్టు మీదున్న పిల్ల నియమం చూసుకుని నడుస్తుంది. పై మెట్టు మీదున్న మీకు నియమం గుర్తే ఉండదు, చూడగానే చెయ్యి లేస్తుంది. 11 ఏళ్ల ఐసీయూ మీకు ఇచ్చిన వరం అది. క్లాసులో అదే మీ నోరు కట్టేస్తోంది.

మందు చెబుతాను. రాడ్నీ పేటన్ అనే సర్జన్ 1998లో రాసిన 4 అంచెల పద్ధతి ఉంది. ముందు మామూలు వేగంతో, మాట లేకుండా చేసి చూపించాలి. తర్వాత ఒక్కో అడుగూ విప్పి చెబుతూ చేయాలి. మూడోసారి విద్యార్థి చెబుతుంటే మీరు చేయాలి. నాలుగోసారి తనే చెబుతూ తనే చేస్తుంది. టైము లేదని అందరూ ఎగ్గొట్టేది మూడోదే, అసలు గుట్టంతా ఉన్నదీ అక్కడే. ఆ మూడో అంచెలో మొండికేయండి. రబ్బరు చెయ్యే కాబట్టి ఏమీ కాదు, తను చెప్పకపోతే టోర్నికెట్ విప్పకండి, అలాగే ఉంచి ఫ్లూయిడ్ కలపండి. ఫ్లూయిడ్ ఎందుకు పోవడం లేదా అని పిల్లలే తల బద్దలుకొట్టుకుంటారు. ఆ తర్వాత జన్మలో మర్చిపోరు.

ఇంకో మాట. చెప్పడానికేమీ తోచనప్పుడు ఐసీయూ కథలు మొదలుపెట్టకండి. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, మీకు బ్రహ్మాండంగా చెప్పామనిపిస్తుంది, గంట గడిచిపోతుంది. నేను ఒక టర్మంతా అలా గడిపాను.

ప్రశ్న: నర్సింగ్ డిగ్రీ అయ్యాక హెల్త్ ప్రొఫెషన్స్ ఎడ్యుకేషన్ వైపు వెళ్లాలనుంది. వార్డులో పని చేతకానివాళ్లే టీచింగ్‌కి వెళ్తారని మా సీనియర్లు ఎగతాళి చేస్తున్నారు. అసలు ఇందులో చదివేదేముంటుంది?
– ఫైనలియర్ విద్యార్థిని

జవాబు: మీ సీనియర్ల మాటలో కొంత నిజముందమ్మాయ్, బుకాయించను. నైట్ డ్యూటీలు పడలేక వచ్చేవాళ్లు చాలామంది. నేనూ ఆ బాపతే, అప్పటికి మా పిల్ల చిన్నది. రావడం ఎలా వచ్చినా, ఉండిపోవడానికి వేరే కారణం దొరికింది. అది చెబుతాను, చదివేదేముంటుందో నీకే తెలుస్తుంది.

మేం చదివే రోజుల్లో ప్రాక్టికల్ పరీక్షంటే ఒక పేషెంటు, ఒక ఎగ్జామినరు, మన జాతకం. కలుపుగోలు పేషెంటు పడితే గట్టెక్కేవాళ్లం, మూలుగుతూ అటు తిరిగి పడుకునేవాడు పడితే గోవిందా. స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు 1975లో దీనికి విరుగుడు చెప్పారు. స్టేషన్లు వరసగా పెట్టి, గంట కొట్టగానే ప్రతి విద్యార్థీ ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతూ ఒకే రకం పనులు ఒకే కొలతతో చేయాలి. మీరు తిట్టుకుంటూ రాసే ఓస్కీ (OSCE) పరీక్ష అదే. తర్వాత 1990లో జార్జ్ మిల్లర్ ఒక పిరమిడ్ గీశాడు. అడుగున 'తెలుసు', ఆపైన 'ఎలాగో తెలుసు', దానిపైన 'చేసి చూపిస్తాను', కొసన 'చేస్తాను'. ఓస్కీ మూడో అంతస్తు దాకానే తీసుకెళ్తుంది. ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తామన్నది నాలుగోది.

ఆ మూడుకీ నాలుగుకీ మధ్య ఎంత అగాధముందో నాకు ఒక పొద్దున వార్డు చార్టుల్లో కనబడింది. 28 మంచాలు. పిల్లలు వైటల్స్ రాసి వెళ్లారు. జ్వరాలు వేరు, బీపీలు వేరు, పల్స్ వేరు. రెస్పిరేషన్ గడిలో, అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో రాసే చోట, మాత్రం 24 మందికి 20. ఆయాసంతో కూర్చుని నిద్రపోతున్న పెద్దాయనకూ 20, గురకపెడుతున్న కుర్రాడికీ 20. ఒక పిల్లని పిలిచి "ఎలా లెక్కపెట్టావు?" అంటే, "చూస్తే తెలుస్తుంది కదా మేడమ్" అంది. నేను రబ్బరు చెయ్యి దగ్గర అన్న మాటే. ఎక్కడ తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చిందో చూడు.

మర్నాడు ల్యాబ్ మంచమెక్కి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. గోడ గడియారం చూసుకుంటూ నిమిషానికి 28 సార్లు ఊపిరి తీశాను. అలా కాసేపు తీయడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుస్తుంది, తల తిరుగుతుంది. ఎనిమిది మందిని పిలిచి నా వైటల్స్ రాయమన్నాను. ఆరుగురు 20 రాశారు. ఒకరు 18. ఒక్క అమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుని, నిమిషమంతా వాచీ చూసి, 27 రాసింది. పుస్తకంలో ఏముందో అందరికీ వచ్చు. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20, పూర్తి నిమిషం లెక్కపెట్టాలి, తెలిస్తే పేషెంటు ఊపిరి మారిపోతుంది కాబట్టి పల్స్ చూస్తున్నట్టు మణికట్టు మీదే వేళ్లుంచి లెక్కించాలి. అన్నీ గడగడా అప్పజెప్పారు. మరి 20 ఎందుకు రాశారంటే ఒకడు నిజం చెప్పాడు: "గడి ఖాళీగా ఉంటే తిడతారు మేడమ్. 20 రాస్తే ఎవరూ అడగరు."

నన్ను ఈ చదువులో కట్టిపడేసింది ఆ జవాబే. ఆ కుర్రాడికి అలా నేర్పింది ఎవరు? సిలబస్ నేర్పలేదు, వార్డు నేర్పింది. ఇలాంటిదాన్నే ఈ శాస్త్రంలో హిడెన్ కరిక్యులమ్ (కనబడని పాఠ్యప్రణాళిక) అంటారు. బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చిన, పేషెంటు క్షీణిస్తున్నాడని ముందే పసిగట్టే ఎర్లీ వార్నింగ్ స్కోరులో ఊపిరి 25 దాటనక్కర్లేదు, 25 చేరితేనే 3 పాయింట్లు. ఆ ఒక్క అంకెతోనే డాక్టరు వెంటనే వచ్చి చూడాలి. 20 అని రాస్తే సున్నా. మంచం మీద మనిషి క్షీణిస్తుంటాడు, కాగితం మీద నిక్షేపంగా ఉంటాడు.

నేను చేసిన మార్పు చిన్నది. పిల్లలకు ఇంకో లెక్చరివ్వలేదు. డ్యూటీ మారేటప్పుడు ప్రతి మంచం దగ్గరా మొదట "ఊపిరి ఎంత?" అని అడగమని సీనియర్ సిస్టర్లను బతిమాలాను. అడిగేవాళ్లుంటే లెక్కపెడతారు. రెండు నెలలకు చార్టుల్లో 16లు, 22లు, 26లు మొలిచాయి. తర్వాత ఆ వార్డు సిస్టర్ బదిలీ అయ్యింది, మళ్లీ 20లు వచ్చాయి. మళ్లీ మొదలుపెట్టాను. నా కెరీర్ అంటే చాలావరకు అదే.

ప్రశ్న: క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌ని. చివరి పోస్టింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని మందులిచ్చే ముందు పేషెంటు ఎవరో సరిచూసుకోదు. చెబితే సరే అంటుంది, మళ్లీ అదే. ఫెయిల్ చేస్తానంటే "రెండు నెలల్లో బయటపడుతుంది, ఏడాది పాడుచేస్తారా?" అని తోటివాళ్లే నన్ను దోషిలా చూస్తున్నారు.
– పేరు వద్దు

జవాబు: ఇది మీ ఒక్కరి కథ కాదు. స్కాట్లాండ్‌లో క్యాథ్లీన్ డఫీ 2003లో సరిగ్గా దీని మీదే పరిశోధన చేసింది. అనుమానమున్న విద్యార్థుల్ని కూడా మెంటర్లు పాస్ చేసి పంపేస్తున్నారని, ముందువాళ్లు తర్వాతివాళ్లు చూసుకుంటారనుకుంటే చివరివాళ్లు ఇప్పుడేం చేస్తాంలే అనుకుంటున్నారని తేల్చింది. 'ఫెయిలింగ్ టు ఫెయిల్' అన్న మాట అప్పటి నుంచే మా వాళ్ల నోట నానుతోంది.

నేనూ ఒకసారి అలా సంతకం పెట్టాను. టీచింగ్‌కి వచ్చిన ఆరో ఏడు. ఆ అమ్మాయంటే పేషెంట్లకు ప్రాణం. డోసు లెక్కల్లో మాత్రం దశాంశ బిందువు ఎటుపడితే అటు జరిగేది. ఫైల్లో 'ఇంకా సాధన అవసరం' అని రాసి, పాస్ అని సంతకం చేశాను. ఆ 'ఇంకా సాధన అవసరం' ఎవరికోసం రాశానో ఇప్పటికీ తెలియదు. రెండేళ్లకు ఒక పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి వాళ్ల దగ్గరే చేరిందట, పది రెట్ల డోసు సిరంజిలోకి తీసిందట, పక్కనున్న నర్సు చూసి ఆపిందట. "సర్టిఫికెట్ మీద నీ సంతకం ఉంది" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

కాబట్టి ఇలా చేయండి. చూసింది చూసినట్టు, ఆరోజే రాయండి. 'నిర్లక్ష్యం', 'శ్రద్ధ లేదు' అని రాయకండి, అవి మీ అభిప్రాయాలు, రేపు కమిటీలో నిలబడవు. 'ఉదయం 10.10కి, 4వ మంచం దగ్గర, పేరు అడక్కుండా, చేతి బ్యాండ్ చూడకుండా మాత్ర ఇవ్వబోయింది, నేను ఆపాను' అని రాయండి. అదే రోజు ఆ అమ్మాయికి చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఫలానా తేదీలోగా ఇది మారాలి అని ఆ కాగితం మీదే ఉండాలి.

అంతకంటే ముందు, ఎందుకలా చేస్తోందో కనుక్కోండి. నా దగ్గర ఒక పిల్ల బ్యాండ్లు చూసేది కాదు, ఎంత చెప్పినా. చివరికి తేలిందేమిటంటే ఆ చిన్న అక్షరాలు కనబడటం లేదు, చెప్పుకోవడానికి సిగ్గు. కళ్లజోడుతో పోయింది. అన్నీ అంత తేలిగ్గా పోవనుకోండి.

ఆ తేదీ దాటినా మారకపోతే ఫెయిల్ చేయండి. రెండు నెలల్లో బయటపడుతుంది అంటున్నారే, మందు చేతిలో పట్టుకున్నప్పుడు పక్కన మరొకరు నిలబడే రోజులు ఆ రెండు నెలలే మిగిలాయన్నమాట.

ప్రశ్న: వార్డు గంటలు తగ్గించి బొమ్మల మీద నేర్పిస్తున్నారు. ప్లాస్టిక్ పేషెంటు మీద నేర్చుకున్నది పనికొస్తుందా?
– ఒక విద్యార్థి తండ్రి

జవాబు: బొమ్మలు కొత్తవేం కాదండీ. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ స్కూలుకు 'మిసెస్ చేజ్' అనే నిలువెత్తు బొమ్మ 1911లోనే వచ్చింది, చేసింది బొమ్మలు తయారుచేసే మార్తా చేజ్. గుండె ఆగినవారికి శ్వాస ఇవ్వడం నేర్పే 'రెససీ ఆన్'ని 1960లో తెచ్చింది కూడా ఒక బొమ్మల వ్యాపారే, నార్వేలోని ఆస్మండ్ లేర్డాల్. మీ సందేహానికి సూటిగా జవాబిచ్చేది 2014లో అమెరికాలోని నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి వెలువరించిన అధ్యయనం. 10 నర్సింగ్ కోర్సుల్లో చేశారు. క్లినికల్ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్‌తో, అంటే ఇలాంటి ఉత్తుత్తి పేషెంట్ల మీద సాధనతో, నింపినా చదువులో, పాస్ అవడంలో, ఉద్యోగంలో చేరాక పనితనంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అయితే ఆ కాలేజీల్లో నేర్పేవాళ్లకు అందులో శిక్షణ ఉంది, ప్రతి సన్నివేశం తర్వాత కూర్చోబెట్టి మాట్లాడించడం ఉంది. డీబ్రీఫింగ్ అంటాం. తర్వాతి బ్యాచ్ బయట నిలబడి ఉందని దాన్ని తెగ్గొట్టేస్తే మిగిలేది బొమ్మలాటే. మీ అబ్బాయిని బొమ్మల సంగతి అడక్కండి. "అయ్యాక ఎంతసేపు కూర్చోబెట్టి మాట్లాడారు?" అని అడగండి.

ప్రశ్న: మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతాను. వైద్య విద్యార్థుల్నీ నర్సింగ్ విద్యార్థుల్నీ కలిపి క్లాసులు పెడితే ఎవరి గుంపు వాళ్లది. మీకు ఎప్పుడైనా కుదిరిందా?
– ఒక డాక్టరు

జవాబు: మొదటిసారి మీలాగే అయ్యింది సర్. హార్ట్ ఫెయిల్యూర్ మీద లెక్చర్ పెట్టాం. ముందు వరసల్లో మీవాళ్లు, వెనక మావాళ్లు. హార్ట్ ఫెయిల్యూర్ నేర్చుకుని వెళ్లిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పిన నిర్వచనం ప్రకారం ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలి. మేం ఒకే గదిలో కూర్చోబెట్టాం, అంతే.

రెండోసారి లెక్చర్ ఎత్తేశాం. నలుగురేసి గుంపులు, ఒక ఫోను. రాత్రి 2 గంటలు, పేషెంటు బాగాలేడు, నర్సు డాక్టరుకు ఫోన్ చేయాలి. పరిస్థితి, పూర్వాపరం, నా అంచనా, ఏం కావాలి, ఈ వరసలో చెప్పాలి. ఎస్‌బార్ అంటామే, అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి వచ్చింది, అది. కిటుకేమిటంటే వేషాలు మార్చాం. నర్సు వేషం వేసిన వైద్య విద్యార్థి ఫోన్ చేతిలో పట్టుకుని ఎంతకీ చేయడు. ఎందుకురా అంటే "నిద్రలో లేపితే డాక్టరు విసుక్కుంటాడేమోనని" అన్నాడు. మా పిల్లలు చప్పట్లు కొట్టారు.

ప్రశ్న: రిటైరయ్యాక ఏం చేస్తున్నారు మేడమ్? వార్డు మీద బెంగ లేదా?
– మీ పాత విద్యార్థిని

జవాబు: ఎవరివమ్మా నువ్వు, పేరు రాయాల్సింది. బెంగేముంది, నడుంనొప్పి ఉంది.

పరీక్షలప్పుడు కాలేజీ పిలిస్తే వెళ్లి పేషెంటు వేషం వేస్తున్నాను. ఈ పద్ధతి 1963లో హోవార్డ్ బ్యారోస్ అనే న్యూరాలజిస్టు మొదలుపెట్టాడని క్లాసుల్లో ఎన్నిసార్లు చెప్పానో, మంచమెక్కుతానని మాత్రం అనుకోలేదు. నాది ఆయాసం పాత్ర. మొన్న ఒక అమ్మాయి వచ్చింది, పేరు చెప్పుకుంది, నా చెయ్యి పట్టుకుంది. పల్స్ అయిపోయాక కూడా వేళ్లు తీయలేదు. పెదవులు కదులుతున్నాయి. గంట కొట్టేస్తారేమోనని నాకే కంగారు, తను మాత్రం కదల్లేదు. పూర్తి నిమిషం.

32 రాసింది. నేను 30 అనుకుంటూ తీశాను. లెక్క తప్పింది నాదేనేమో.